దేవిడీ హౌజులో బంగారు చేపలు

పోయిన నెల మా మునిమనవడు ఎవరి పుట్టినరోజు పండక్కో వెళ్లి, రిటర్న్ గిఫ్టుగా ఒక చేపను తెచ్చుకున్నాడు. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా, అందులో వేలెడు నీళ్లు, ఆ నీళ్లలో నీలం తోక ఉన్న చేప. మూత మీద రంగు కాగితం అంటించి, దాని మీద వాడి పేరు రాసి ఉంది. వచ్చిన పిల్లలందరికీ ఒక్కొక్కటి ఇచ్చారట. వాడు దానికి బిస్కెట్టు పెట్టాడు, కథ చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నానికి అది పక్కకు ఒరిగిపోయింది. వాడు ఏడుస్తుంటే వాళ్లమ్మ "ఊరుకో నాన్నా, ఇంకోటి కొనిస్తా" అంది. ఆ పిల్ల మంచిదే. బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లయినా ఆ మాటే అంటుంది. నేనే ఆ చేపను తీసుకెళ్లి బాల్కనీలో మందారం కుండీలో పాతిపెట్టాను. వేళ్లకంటిన తడిమట్టి కడుక్కుంటుంటే మా దూద్‌బౌలి ఇల్లు, మా నాయనమ్మ, మా బాపు, నా తొమ్మిదో పదో ఏట మా ఇంట్లో జరిగిన పెద్ద లొల్లి అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. ఆ సంగతి ఎరిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

దూద్‌బౌలిలో మా ఇల్లు రెండు గదులు, వసారా, మధ్యలో వాకిలి. వాకిట్లో ఒక మూల చేదబావి. ఇంట్లోకి అడుగు పెడితే ముందు వచ్చే వాసన ఎండుగడ్డి, దాని వెనకే గ్యాసునూనె, అంటే కిరసనాయిలు. బాపుకు అఫ్జల్‌గంజ్‌లో లాంతర్లు, చిమ్నీలు, గాజు సామాను అమ్మే దుకాణం ఉండేది. బొంబాయి నుంచి పెట్టెలు దిగేవి. చిమ్నీ చిమ్నీకి మధ్య గడ్డి కూరి పంపేవారు. దుకాణంలో చోటు చాలక సగం పెట్టెలు ఇంటికే వచ్చేవి. తెల్లవారితే అమ్మ జొన్నరొట్టెలు కొడుతుండేది. నాయనమ్మ గడప మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, నిన్నటి గడ్డిని ఎదురింటి బర్రెలకు కట్టలు కట్టేది. పక్కింటి బీబీజాన్ ఖాలా గోడ మీదుగా గిన్నె అందించేది. ఒకరోజు ఖట్టీ దాల్, ఒకరోజు బగారా బైంగన్. గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదని అమ్మ అందులో రెండు రొట్టెలో, పచ్చి పులుసో వేసి పంపేది. ఖాలా భర్త రహీం చాచా జట్కా తోలేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. అందుకని నేను పొద్దంతా ఆ గోడకు అటూ ఇటూ తిరుగుతుండేదాన్ని.

మా బాపు మెత్తని మనిషి. చిమ్నీ పగిలితే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు. గాజుముక్కలన్నీ గుడ్డలో ఏరి, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా గొయ్యి తీసి పాతేవాడు. అలాంటివాడి చేతికి బంగారు చేపల బేరం ఎలా వచ్చిందంటే, ఒకసారి బొంబాయి సేఠు చిమ్నీలతో పాటు రెండు గాజుగోళాలు, తగరపు డబ్బాలో నాలుగు ఎర్రచేపలు నమూనాగా పంపాడు. వాటిని దుకాణం ముందు పెడితే బజారంతా ఆగి చూసింది. సాయంత్రానికల్లా ఒక నవాబు బంగళా నుంచి, దేవిడీ అనేవాళ్లం, అక్కడి లెక్కలు రాసే మున్షీ వచ్చి రెండు గోళాలూ పట్టుకెళ్లాడు. అప్పటి నవాబుల ఇళ్లలో ఒకరి దగ్గర కొత్త వస్తువు కనబడితే రెండోవారికి నిద్ర పట్టేది కాదు. మరుసటి వారం ఇంకో ఇంటి నుంచి మనిషి వచ్చాడు. బొంబాయి సేఠు బాపుకు కిటుకులన్నీ చెప్పాడు. గోళం చిన్నదైతే చేప పెద్దగా కనబడుతుంది. తిండి తక్కువ వేస్తే నీళ్లు తేటగా ఉంటాయి, చేప పెరగదు. అయినా నెలా రెండు నెలలకు చస్తుంది, అదే మంచిది, మళ్లీ కొంటారు. ఈ ఆఖరి మాటను బాపు ఇంట్లో అన్నం తింటూ ఎంత మామూలుగా చెప్పాడో నాకిప్పటికీ గుర్తుంది. అందులో తప్పు ఉందని ఆయనకు తోచనే లేదు. వత్తి కాలిపోతే కొత్త వత్తి కొనరా, అలాగే ఇదీ అనుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి బాపు చేపలను ఇంట్లోనే పెంచడం మొదలుపెట్టాడు. బర్రెలకు కుడితి పెట్టే గోలేలు, పెద్ద మట్టితొట్లు, వాకిలి నిండా బారులు తీరాయి. బంగారు చేప పిల్లలు పుట్టగానే బంగారు రంగులో ఉండవు. బూడిద రంగులో, మురికికాల్వ చేపల్లా ఉంటాయి. కొన్ని నెలలకు కొన్ని ఎర్రబడతాయి, కొన్ని ఎప్పటికీ బూడిదగానే ఉండిపోతాయి. దేవిడీలవాళ్లకు ఎర్రవి కావాలి, అందులోనూ దుపట్టాలా జారే రెండు తోకలవి కావాలి. అందుకని బాపు ఆదివారం ఆదివారం పీట వేసుకుని కూర్చుని ఏరేవాడు. పనికొచ్చేవి ఒక తొట్టిలోకి, పనికిరానివి నేల మీదికి. నేల మీద పడ్డవి కాసేపు ఎగిరేవి. ఖాలా కోళ్లు గోడ ఎక్కి ఆదివారం కోసం కాచుకుని ఉండేవి. రెండు తోకలవి ఏరి ఏరి కలపగా, కొన్నాళ్లకు తోక బరువుకు సరిగ్గా ఈదలేని పిల్లలు పుట్టసాగాయి. అవి తల కిందికి పెట్టి, తోక పైకి తేలేసి, ఎదురీదలేక ఆయాసపడేవి. వాటికే గిరాకీ ఎక్కువ. గోళంలో నాట్యం చేస్తున్నట్టు ఉంటాయని ఎవరో అన్నారట.

తొట్లలో నీళ్లు మార్చే పని నాయనమ్మది. మొదట్లో ఆమెకూ అది ముచ్చటే. ఊరికే కూర్చోలేని మనిషి, చేతికి పని దొరికిందని సంతోషపడింది. కానీ ఇంట్లో నమూనాకని దీపంగూట్లో పెట్టిన గోళం ఒకటి ఉండేది. చుట్ట కాలుస్తూ ఆమె దాని వంకే చూస్తుండేది. ఒకరోజు బాపు రొట్టె తింటుంటే అడిగింది.

"మల్లయ్యా, పొద్దటి సంది చూస్తున్న. గీడికెల్లి గాడికి, గాడికెల్లి గీడికి. మూతి అద్దానికి గుద్దుకుంటది, మళ్ల తిరుగుతది. దాని పానం ఎట్లుంటదంటవ్?"

"చాపలే అవ్వా. వాటికేం తెలుస్తది?" అన్నాడు బాపు. "మృగశిర కార్తినాడు కొర్రమీను వండుకొని తింటవ్ గద. దీనికి ఫికర్ పడుతున్నవా?"

"తింట. ఎందుకు తినను. ఒక్క దెబ్బకు కోసి తింట. దినాలు దినాలు పెట్టి సంపుకుంట కూసోను."

బాపు నవ్వి ఊరుకున్నాడు. నాయనమ్మ నవ్వలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో నేల మీద పడ్డ బూడిదపిల్లలను కోళ్ల కంటే ముందు ఆమే చెంబులోకి ఎత్తుకునేది. అన్నీ మా చేదబావిలోకి పోయేవి. "బావిల దోమపిల్లలను తింటయి, పని చేసుకొని బతుకుతయి" అనేది. బాపు అడ్డు చెప్పలేదు. పనికిరానివి ఎటు పోతే ఆయనకేం.

ఇలా ఉండగా ఒక పెద్ద దేవిడీలో చిన్నబాబుకు బిస్మిల్లా తలపెట్టారు. అంటే పిల్లవాడికి నాలుగేళ్లు నిండాక మొదటిసారి అక్షరం చదివించే పండగ. మున్షీ స్వయంగా దుకాణానికి వచ్చి చెప్పాడు. వచ్చిన పిల్లలందరికీ చేతికొక గాజుగోళం, అందులో ఒక బంగారు చేప కానుకగా ఇవ్వాలట. అంత పెద్ద బేరం బాపు జన్మలో చూడలేదు. ఇంక ఏ దేవిడీ పేరు చెప్పినా అక్కడ మల్లయ్య మాలే ఉంటుందని మురిసిపోయాడు. మూడు నెలలు ఇంట్లో వేరే మాట లేదు. పిల్లల చేతికి బరువు కాకూడదని కొబ్బరికాయంత గోళాలు తెప్పించాడు. అయితే కానుకలు అందించవలసింది ఆడవాళ్లుండే జనానాలో. అక్కడికి బాపు వెళ్లడానికి లేదు. అందుకని నాయనమ్మ, భాష కోసం బీబీజాన్ ఖాలా, వాళ్ల వెంట కొత్త పరికిణీ కట్టుకుని నేను వెళ్లాం. రహీం చాచా జట్కాలో, ఇంకో రెండు బండ్లలో, గోళాలను గడ్డిలో సర్ది తీసుకెళ్లాం. ఎండాకాలం. ఎక్కడ కుదుపు వచ్చినా బాపు బండి దిగి చక్రం పట్టుకునేవాడు.

దేవిడీ లోపలి వాకిలి అంత పెద్దదని నేను కలలో కూడా అనుకోలేదు. నాలుగు వైపులా స్తంభాల దాలానులు, మీద షామియానా, నడిమధ్య నీళ్లు నిండిన నల్లరాతి హౌజు. హౌజు చుట్టూ తడిపిన ఇటుకల వాసన, మల్లెల వాసన, బిర్యానీ దమ్ము వాసన. చిన్నబాబు జరీ షేర్వానీలో నుదుటికి పూలసెహ్రా కట్టుకుని కూర్చుని, చెప్పిన మాట చెప్పినట్టు పలికాడు. ఆడవాళ్లంతా ఒక్కసారి దువా చేశారు. తర్వాత గోళాలు పంచాం. పిల్లల సంతోషం చెప్పతరం కాదు. కాసేపటికి వాళ్లు పిల్లలు చేసే పనులే చేశారు. ఒకడు తన చేపకు షర్బత్ పోశాడు. ఒక పిల్ల లడ్డూ పొడి చల్లింది. ఇంకొకరు గోళాన్ని ఎండలో పెట్టి మెరుస్తుంటే చూస్తున్నారు. ఒకరి గోళంలో గులాబీరేకులు, ఒకరి గోళంలో అత్తరు. ఆ చిన్న నీళ్లు చూస్తుండగానే వేడెక్కాయి. ఎక్కడ చూసినా చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. నాయనమ్మ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చిన్నబాబు తన గోళం రెండు చేతులతో పట్టుకుని తిన్నగా మా నాయనమ్మ దగ్గరికి వచ్చాడు. ఇచ్చింది ఆమే కదా, ఆమెకే తెలుస్తుందనుకున్నాడేమో. చేప పక్కకు పడుకుని ఉంది.

"దాదీ, యే సో గయీ?" అని అడిగాడు. నిద్రపోయిందా అని.

ఖాలా నాయనమ్మ మోచెయ్యి గిల్లింది. "నిద్రపోయిందని చెప్పమ్మా. దావత్ జరుగుతుంది. నిద్రపోయిందని చెప్పు" అని చెవిలో బతిమాలింది.

నాయనమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. "నై బాబా," అంది. "మర్ గయీ." చచ్చిపోయింది అని.

"క్యోఁ?" అన్నాడు వాడు, ఎందుకు అని.

"పానీ కమ్ హై. ఉస్కో దమ్ నై ఆతా."

ఆమెకు వచ్చిన దక్నీ ఉర్దూ అంతే. నీళ్లు తక్కువ, దానికి ఊపిరాడదు. పిల్లవాడు ఏడవలేదు. గోళాన్ని చూశాడు, నాయనమ్మను చూశాడు, తిరిగి తన తల్లి వైపు చూశాడు. ఆ తల్లిని అందరూ దుల్హన్ పాషా అనేవారు. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. ఆమె దివాను మీద నుంచి లేచి వచ్చింది. ఖాలా భయంతో సలాములు చేస్తూ, ముసలామెకు భాష రాదు, మాఫ్ చేయండి అని ఏదో చెప్పబోయింది. దుల్హన్ పాషా చెయ్యెత్తి ఆపింది. వంగి తన కొడుకు గోళంలోకి చూసింది. పక్క పిల్లవాడి గోళంలోకి చూసింది. అలా ఒక్కొక్కటే చూసుకుంటూ కొంతదూరం వెళ్లి, వెనక్కి వచ్చింది.

"ఫిర్ క్యా కర్నా, తుమీచ్ బోలో," అంది నాయనమ్మతో. మరైతే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు అని.

నాయనమ్మ హౌజు వైపు చెయ్యి చూపించింది.

పిల్లలను ఒప్పించడం తేలిక కాలేదు. నాది నాకే కావాలని ఒకరిద్దరు రాగం తీశారు. దుల్హన్ పాషా తన కొడుకును ముందు నడిపించింది. వాడు చచ్చిన చేపనే హౌజులో వదిలాడు. అది తేలింది. తర్వాత ఒక పిల్ల, ఇంకొకడు, అలా అందరూ గట్టు చుట్టూ చేరి గోళాలు వంచారు. నేను గట్టు మీద బోర్లా పడుకుని చూశాను. అంత పెద్ద హౌజులో కూడా ఆ చేపలు వదిలినచోటనే, గోళం ఎంత ఉండేదో అంత మేరకే గుండ్రంగా తిరగసాగాయి. నీళ్లు దానికి అవతల కూడా ఉన్నాయని వాటికి తెలియలేదు. చాలాసేపటికి ఒక చిన్న ఎర్రచేప ఆ చుట్టు వదిలి తిన్నగా ముందుకు వెళ్లింది. అడ్డం ఏమీ తగలలేదు. ఇంకా వెళ్లింది. పిల్లలంతా దాని వెంట గట్టు మీద పరుగెత్తారు.

ఖాళీ గోళాలన్నీ గంపల్లో బయటికి వచ్చేసరికి మగవాళ్ల వైపు మర్దానాలో కూర్చున్న బాపు ముఖం పాలిపోయింది. ఖాలా జరిగింది చెప్పింది. బాపు ఇంటికి చేరి, జట్కా దిగాక, నాయనమ్మతో ఒకే మాట అన్నాడు. "నా దుకాణం నువ్వే ముంచినవ్ అవ్వా." ఆమె "ముంచిన" అంది. ఒప్పుకుందో, ఎదురు చెప్పిందో నాకు అర్థం కాలేదు. ఆ మాట నిజమే అయింది. బేగంల మధ్య కబురు పాకడానికి ఎంతసేపు. చేపలు ఊపిరాడక చస్తున్నాయని, వాటిని చూస్తే పాపమని, గోళాలు ఒక్కటొక్కటే దుకాణానికి తిరిగి వచ్చాయి. బాపు తల్లితో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా అమ్మతో చెప్పించేవాడు. "అవ్వ తిన్నదా అడుగు" అని అమ్మతో అనేవాడు. నాయనమ్మ ఆ పక్కనే కూర్చుని "తిన్న అని చెప్పు" అనేది. మధ్యలో అమ్మ ఇద్దరి వంక చూసి రొట్టె తిరగేసేది. వానలు వచ్చి పోయాయి, మళ్లీ వానలు వచ్చి పోయాయి. వాళ్ల పద్ధతి మారలేదు.

ఆ రెండో వానలు వెలిశాక దేవిడీ నుంచి మనిషి వచ్చాడు. హౌజులో చేపలు పిల్లలు పెట్టాయి, మల్లయ్యను వచ్చి చూడమని దుల్హన్ పాషా చెప్పిందట. బాపు వెళ్లనన్నాడు. అమ్మ బలవంతం చేస్తే నన్ను వెంట పెట్టుకుని వెళ్లాడు. మా కోసం లోపలి ఆడవాళ్లంతా గదుల్లోకి వెళ్లి పరదాలు దించుకున్నారు. బాపు తల వంచుకుని హౌజు దాకా నడిచి, అక్కడ తల ఎత్తాడు. నీళ్లలో జానెడేసి చేపలు, ఎర్రవి, తెల్లవి, మెల్లగా గుంపుగా కదులుతున్నాయి. వాటి వెంట బూడిదరంగు పిల్లలు. బాపు తన దగ్గర ఎన్నడూ వేలెడు దాటి పెరిగిన చేపను చూడలేదు. వాటి జాతే అంత అనుకున్నాడు.

"గివి నేనిచ్చినయేనా?" అని పరదా వైపు అడిగాడు. తెలుగులోనే అడిగాడు.

పరదా వెనక నుంచి ఒక దాసి "అవును మల్లయ్యా, నీయే" అంది.

బాపు ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిచి, అమ్మ వైపు చూడకుండా, తిన్నగా వెళ్లి నాయనమ్మ పక్కన గడప మీద కూర్చున్నాడు. "అవ్వా, జానెడున్నయే," అన్నాడు. నాయనమ్మ చుట్ట పక్కన పెట్టి, "అన్నం పెట్టనా?" అంది. అంతే. దానికి మించి వాళ్ల మధ్య క్షమాపణలు గిట్ట ఏమీ లేవు.

ఆ తర్వాత బాపు గోళాలు అమ్మలేదు. ఉన్నవాటిని లోపల దీపం పెట్టుకోవడానికి వాళ్లకూ వీళ్లకూ ఇచ్చేశాడు. తొట్లలో మిగిలిన చేపలను మాత్రం హౌజు ఉన్న ఇళ్లకు, ముందు వెళ్లి నీళ్లు చూసుకుని మరీ ఇచ్చేవాడు. రహీం చాచా నవ్వేవాడు. "క్యా భాయ్, పిల్లనిచ్చెటోని లెక్క ఇల్లు చూసి ఇస్తున్నవ్" అని. ఎర్రవి, బూడిదవి అని ఏరడం మానేశాడు. రెండు తోకలవాటిని కలపడం మానేశాడు. మళ్లీ లాంతర్లు, చిమ్నీలే మాకు అన్నం పెట్టాయి. నాయనమ్మ పోయేదాకా గడప మీద ఆమె పక్కన బాపు కాసేపు కూర్చోని రోజు లేదు.

ఈ మధ్య ఒకసారి మనవరాలితో పెంపుడు చేపల దుకాణానికి వెళ్లాను. పాలిథిన్ సంచుల్లో ఒక్కొక్క చేప, గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒంట్లోకి రంగు సూదులు పొడిచి ఊదా, పచ్చ చేసినవి ఉన్నాయి. వెన్ను కురచగా పుట్టించి లడ్డూల్లా చేసినవి ఉన్నాయి. గుండ్రని గాజుగోళాలు ఇప్పుడు కూడా బారుగా ఉన్నాయి. దుకాణంలో కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. చస్తే ఏం చెయ్యాలని అడిగితే "మళ్లీ తీసుకోండి ఆంటీ, చవకే" అన్నాడు. వాడి ముఖంలో మా బాపు కనిపించాడు. ఆ వయసు బాపు. అందుకే వాడి మీద నాకు కోపం రాలేదు. అప్పటి మనుషులంతా దయగలవాళ్లని నేను అనను. కోళ్ల ముందు పారబోసింది కూడా మేమే. అప్పుడు ఒక గడప ఉండేది, దాని మీద పొద్దంతా కూర్చుని చేపను చూసే ముసలమ్మ ఉండేది. చూసేంత తీరిక ఉండేది, చూసినదాన్ని మొహం మీద చెప్పే నోరు ఉండేది. ఇప్పుడు మా ఇళ్లలో గడపలే లేవు.

బాపు గోళాలు మానేసిన కొన్నేళ్లకు కాలం తలకిందులైంది. జాగీర్లు పోయాయి, దేవిడీలు ఒక్కటొక్కటే అమ్ముడుపోయాయి. ఆ దేవిడీ కూడా ఎవరో కొన్నారు. గోదాములు కడతారని, హౌజు పూడుస్తారని కబురు వచ్చింది. దుల్హన్ పాషా సామాను సర్దుకుంటూ, చేపల సంగతి మల్లయ్యకు చెప్పండని మనిషిని పంపింది. అప్పటికి నాయనమ్మ లేదు. బాపు తెల్లవారుజామునే పాలవాళ్ల దగ్గర పెద్ద క్యాన్లు అడిగి తెచ్చాడు. రహీం చాచా జట్కా కట్టాడు. హౌజులో నీళ్లు సగం తీసేసి ఉన్నాయి. బాపు పంచె ఎగగట్టి దిగి, ఒక్కొక్క చేపను రెండు చేతులతో ఎత్తి క్యాన్లలో వేశాడు. మూతలు పెట్టనివ్వలేదు. చాచా గుర్రాన్ని నడిపించుకుంటూనే తెచ్చాడు. బీబీజాన్ ఖాలా ముందే వెళ్లి మా గల్లీ మసీదు ఇమాం సాబుతో మాట్లాడి పెట్టింది. అక్కడ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే హౌజు లోతుగా, నీడలో ఉండేది.

నేను మసీదు వాకిట్లో నిలబడి చూశాను. బాపు చెప్పులు బయట విడిచి, మెట్టు మీద కూర్చుని, క్యాన్లో నీళ్లు, హౌజులో నీళ్లు కొంచెం కొంచెం కలిపి, చేపలను వదలసాగాడు. వజూ చేసుకుంటున్న ముసలివాళ్లు జరిగి చోటిచ్చారు. ఇమాం సాబు వచ్చి పక్కన నిలబడి, వీటికేం తిండి వెయ్యాలి అని అడిగాడు. రొట్టె నలిపి వేస్తే చాలు, ఎక్కువ వద్దు అన్నాడు బాపు. అన్నిటికంటే పెద్దది, తెల్లబడిపోయిన ముసలి చేప, ఆఖరున మిగిలింది. దాన్ని నీళ్లలో పెట్టి చేతులు తీయకుండా అలాగే ఉన్నాడు. అది కాసేపు ఆయన అరచేతుల మధ్య ఊపిరి పీల్చుకుంటూ ఉండి, తర్వాత తోక ఆడించి లోతుకు వెళ్లిపోయింది. మధ్యాహ్నపు జొహర్ నమాజుకు పిలుపు మొదలైంది. బాపు లేచి బయటికి వచ్చాడు. మోకాళ్ల దాకా తడి, చేతులకు పాచివాసన.

"పోదాం బిడ్డా," అన్నాడు. "మస్తు ఆకలైతుంది."